ఆరు సిగ్నళ్ల రోడ్డు మీద పొగ తగ్గాలంటే టైమింగ్ ఎలా మార్చాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా: దాదాపు రెండున్నర కిలోమీటర్ల మెయిన్ రోడ్డు, దాని మీద ఆరు సిగ్నళ్లు, అన్నిటికీ పొద్దున్నుంచి రాత్రి దాకా ఒకటే 180 సెకన్ల సైకిల్ (అన్ని దారులకీ ఒకసారి గ్రీన్ ఇచ్చి మళ్లీ మొదటికి రావడానికి సిగ్నల్ తీసుకునే సమయం). పొగ, ఇంధనం ఖర్చు తగ్గించమని పైనుంచి చెప్పారు. సైకిల్ టైమ్ తగ్గిస్తే సరిపోతుందా, లేక కెమెరాలతో రద్దీ చూసి టైమింగ్ తనే మార్చుకునే అడాప్టివ్ సిస్టమ్ కొనాల్సిందేనా అని మీ సందేహం.

ఇప్పుడే ఏమీ కొనక్కర్లేదు. సైకిల్‌ని 100-110 సెకన్లకు దించండి. ఆరు కంట్రోలర్ల గడియారాలు ఒకే సమయం చూపించేలా చేయండి. ఆ తర్వాత వాటి మధ్య ఆఫ్‌సెట్లు పెట్టండి, అంటే ఒక సిగ్నల్ గ్రీన్ మొదలైన ఎన్ని సెకన్లకి తర్వాతి సిగ్నల్ గ్రీన్ మొదలవ్వాలో. లెక్క వేసేటప్పుడు బండి ఎంతసేపు ఆగిందన్నది కాదు, ఎన్నిసార్లు ఆగిందన్నది ముందు చూడండి. అందులోనూ బస్సులు, లారీలు ఎన్నిసార్లు ఆగాయో చూడండి. సైకిల్ తగ్గించి ఆఫ్‌సెట్ వదిలేస్తే సగం పని కూడా కానట్టే.

ఎందుకో అంకెల్లో చెబుతాను. వెయ్యి కిలోల కారు గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వస్తూ రెడ్ పడి ఆగితే, దానిలోని చలనశక్తి సుమారు 62 కిలోజౌళ్లు. అదంతా బ్రేకుల్లో వేడిగా పోతుంది. మళ్లీ ఆ వేగం అందుకోవాలంటే ఆ శక్తిని ఇంజిన్ కొత్తగా పుట్టించాలి. లీటరు పెట్రోల్లో ఉండే శక్తి సుమారు 32 మెగాజౌళ్లు. ఊళ్లో నడిపే కారు ఇంజిన్ అందులో అయిదో వంతు చక్రాలకు చేరిస్తే గొప్ప. అంటే ఒక్క ఆగడానికి దాదాపు 10 మిల్లీలీటర్లు. అదే కారు ఇంజిన్ ఆపకుండా నిలబడితే గంటకు సుమారు 0.6 లీటరు, అంటే నిమిషానికి 10 మిల్లీలీటర్లు తాగుతుంది. కాబట్టి కారు ఒకసారి ఆగి కదలడం, నిమిషం పాటు ఊరికే నిలబడటంతో సమానం. వేగం 50 అయితే ఒక్క ఆగడం ఒకటిన్నర నిమిషానికి సమానం, ఎందుకంటే శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది.

ఇప్పుడు నిండు సిటీ బస్సు చూడండి. 15 టన్నులు, అదే 40 వేగం. ఒక్కసారి ఆగి కదిలితే సుమారు 80 మిల్లీలీటర్ల డీజిల్. నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి 30, 35 మిల్లీలీటర్లు, కాబట్టి ఒక ఆగడం రెండు నిమిషాల పైమాటే. వంద సీసీ బైకు మీద మనిషితో కలిపి 180 కిలోలు అనుకుంటే 2, 3 మిల్లీలీటర్లకు మించదు. ఆటోకి 5 అనుకోవచ్చు.

వీటిని కలిపి చూస్తే తేలే సంగతి చాలామందికి కొత్తగా ఉంటుంది. ఉదాహరణకు ఒక కూడలిలో నూటికి 60 బైకులు, 25 కార్లు, 10 ఆటోలు, 5 బస్సులూ లారీలూ అనుకోండి. సగటు బండి ఒక్కసారి ఆగితే పోయేది 8.4 మిల్లీలీటర్లు. అందులో 4 మిల్లీలీటర్లు ఆ అయిదు శాతం పెద్ద బండ్లవే. రోజుకి 40 వేల బండ్లు వెళ్లే కూడలిలో వందకి 15 ఆగడాలు తప్పించగలిగితే 6,000 ఆగడాలు, అంటే రోజుకి 50 లీటర్లు. లీటరు పెట్రోలుకి సుమారు 2.3 కిలోలు, డీజిల్‌కి 2.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది కాబట్టి రోజుకి 120 కిలోల పైన తగ్గుతుంది. ఇవి చేతిలెక్కలే. మీ దగ్గరి బండ్ల మిశ్రమంతో మళ్లీ వేసుకోండి, వరస మాత్రం మారదు.

(పక్కమాట. సిగ్నల్ స్తంభానికి సోలార్ పలక తగిలించి దాన్నే పర్యావరణ సిగ్నల్ అనేవాళ్లున్నారు. నాలుగు దారుల కూడలిలో ఎల్ఈడీ దీపాలు, కంట్రోలర్ అన్నీ కలిపి రోజుకి ఆరేడు యూనిట్లు దాటవు. యూనిట్‌కి ముప్పావు కిలో చొప్పున అయిదు కిలోల కార్బన్ డయాక్సైడ్. కరెంటు పోయినా సిగ్నల్ ఆరిపోకుండా పలక పనికొస్తుంది, అంతవరకు మంచిదే. కానీ అసలు బరువంతా రోడ్డు మీద ఉంది.)

సైకిల్ టైమ్ సంగతి

సైకిల్ ఎంత ఉండాలో లెక్కకట్టడానికి 1958లో బ్రిటన్ పరిశోధకుడు వెబ్‌స్టర్ ఇచ్చిన సూత్రమే ఇప్పటికీ మొదటి మెట్టు. ఒకటిన్నర రెట్లు లాస్ట్ టైమ్‌కి 5 కలిపి, ఆ మొత్తాన్ని ఒకటిలోంచి వై తీసివేయగా వచ్చిన దాంతో భాగించాలి. ఫేజు అంటే కొన్ని దారులకి కలిపి గ్రీన్ ఇచ్చే ఒక వంతు. లాస్ట్ టైమ్ అంటే ఫేజులు మారేటప్పుడు వృథా అయ్యే సెకన్ల మొత్తం. వై అంటే ప్రతి ఫేజులో ఎక్కువ ఒత్తిడి ఉన్న దారికి, గంటకు వచ్చే బండ్లను ఆ దారి గంటకు వదలగలిగిన బండ్లతో భాగించి, అన్ని ఫేజులవీ కూడితే వచ్చేది.

నాలుగు ఫేజుల కూడలి అనుకోండి. ఫేజుకి 4 సెకన్ల చొప్పున లాస్ట్ టైమ్ 16. వైలు 0.28, 0.22, 0.18, 0.12, మొత్తం 0.80. సైకిల్ 145 సెకన్లు వస్తుంది. అదే కూడలిలో రెండు ఫేజులు కలిపేసి మూడు చేయగలిగారు, వై మొత్తం 0.70కి దిగింది అనుకోండి. లాస్ట్ టైమ్ 12. సైకిల్ 77 సెకన్లు! సాఫ్ట్‌వేర్ల కన్నా ఫేజుల సంఖ్య పెద్ద మీట అనడానికి కారణం ఇదే. 180 సెకన్ల సైకిల్ ఉన్నచోట ముందు అడగాల్సింది ‘నాలుగో ఫేజు ఎందుకుంది?’ అని.

ఫేజు తీసేయడానికి మన ఊళ్లలో అందరికీ తెలిసిన మార్గం కుడి మలుపు మూసేసి, ముందుకెళ్లి యూటర్న్ తీసుకోమనడం. హైదరాబాద్‌లో చాలా కూడళ్లలో ఇదే పద్ధతి. కానీ పర్యావరణం లెక్కలో దీనికో హద్దుంది. ఒక ఆగడం, దాంతో పాటు నిమిషం నిలబడటం కలిపి కారుకి 20 మిల్లీలీటర్లు. లీటరుకి ఊళ్లో 15 కిలోమీటర్లు ఇచ్చే కారు ఆ 20 మిల్లీలీటర్లతో 300 మీటర్లు పోతుంది. అంటే యూటర్న్ కోసం అదనంగా తిరగాల్సిన దూరం, రానూపోనూ కలిపి, 300-400 మీటర్లు దాటితే ఆ బండి వరకు నష్టమే. మిగతా దారుల్లో ఆగడాలు ఎన్ని తగ్గాయన్నది దానికి ఎదురు పెట్టి తూచాలి. కుడి మలుపు గంటకు 150 బండ్లు ఉన్నచోట యూటర్న్ లాభిస్తుంది. 600 ఉన్నచోట చాలాసార్లు లాభించదు, పైగా యూటర్న్ దగ్గరే కొత్త జామ్ పుడుతుంది.

దారి ఎన్ని బండ్లను వదలగలదన్నది పుస్తకంలోంచి తీసుకోకండి. 1985 నాటి ఐఆర్‌సీ 93 (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సిగ్నళ్ల మార్గదర్శకం) ప్రకారం వెడల్పు మీటర్లను 525తో గుణించాలి. 7 మీటర్ల దారికి గంటకు 3,675 పీసీయూలు (ఏ బండినైనా ఇన్ని కార్లతో సమానమని లెక్కగట్టే కొలత). 2017లో కేంద్ర రోడ్డు పరిశోధన సంస్థ సీఆర్‌ఆర్‌ఐ తెచ్చిన ఇండో-హెచ్‌సీఎం అనే రోడ్డు సామర్థ్యాల పుస్తకంలో వెడల్పుని బట్టి విలువలు వేరు, బైకులు, ఆటోల పీసీయూలూ వేరు. ఒకదాని సంతృప్త ప్రవాహంలో (దారి గంటకు వదలగలిగే బండ్ల లెక్కలో) రెండోదాని పీసీయూలు కలిపేయడం మన రిపోర్టుల్లో మామూలుగా కనిపించే తప్పు. నేరుగా కొలవడమే మేలు. గ్రీన్ పడ్డాక 5 సెకన్లు వదిలేసి, క్యూ చివరి బండి స్టాప్ లైన్ దాటేదాకా సెల్‌ఫోన్లో వీడియో తీయండి. పది సైకిళ్లు చాలు. మన దగ్గర బైకులన్నీ సందుల్లోంచి ముందుకొచ్చి నిలబడతాయి, గ్రీన్ పడకముందే సగం కదులుతాయి. అందుకే విదేశీ పుస్తకాల్లోని ‘మొదటి రెండు సెకన్లు వృథా’ అన్నమాట ఇక్కడ తరచు తప్పుతుంది. ఆ మొదటి సెకన్లే అన్నిటికన్నా ఎక్కువ బండ్లను వదులుతాయి. గ్రీన్ 45-50 సెకన్లు దాటాక తోకలో వచ్చే బండ్లు పల్చబడతాయి, గ్రీన్ వెలుగుతూనే ఉంటుంది, దారి సగం ఖాళీ.

‘సైకిల్ పెద్దదైతే ఎక్కువ బండ్లు పోతాయి కదా’ అని మీ మీద వాదన వస్తుంది. లాస్ట్ టైమ్ 16 సెకన్లు ఉన్న కూడలిలో పనికొచ్చే గ్రీన్ వాటా 60 సెకన్ల సైకిల్లో 73 శాతం, 90లో 82, 120లో 87, 180లో 91. అంటే 120 నుంచి 180కి పోతే కాగితం మీద దొరికేది 4 శాతం. అదీ ఆ పల్చని తోకలో కరిగిపోతుంది. ఇంకొకటి చూడండి. కుడి మలుపుకి 60 మీటర్ల బే (మలుపు తిరిగే బండ్లు విడిగా నిలబడే చోటు) ఉందనుకుందాం, పది కార్లు పడతాయి. గంటకు 300 కార్లు మలుపు తిరిగితే 180 సెకన్ల సైకిల్లో ప్రతిసారీ 15 వస్తాయి. పది బేలో, మిగతా అయిదు నేరుగా వెళ్లే దారికి అడ్డంగా. వాటి వెనక బస్సు ఇరుక్కుంటుంది. 108 సెకన్ల సైకిల్లో వచ్చేవి 9, హాయిగా పడతాయి.

అయితే ఒక మాట ఒప్పుకోవాలి. విడిగా ఉన్న సిగ్నల్‌కి ఇంధనం తక్కువయ్యే సైకిల్, ఆలస్యం తక్కువయ్యే సైకిల్ కన్నా కాస్త పెద్దదిగానే వస్తుంది, ఎందుకంటే సైకిల్ పెరిగేకొద్దీ బండికి ఆగడాలు కొంచెం తగ్గుతాయి. వెబ్‌స్టర్ 77 అంటే మీరు 85-95 పెట్టుకోండి. ఆ మాత్రానికి 180 పెట్టేయకూడదు.

అసలు లాభం ఆఫ్‌సెట్లో ఉంది

బండ్లు ఎప్పుడంటే అప్పుడు, సమానంగా వస్తున్నాయనుకుంటే ఎంతమంది ఆగుతారో చిన్న సూత్రం చెబుతుంది: ఒకటిలోంచి గ్రీన్ వాటా (సైకిల్లో ఆ దారికి గ్రీన్ ఉండే భాగం) తీసేయండి, దాన్ని ఒకటిలోంచి ఆ దారి వై తీసేయగా వచ్చిన దాంతో భాగించండి. గ్రీన్ వాటా 0.35, వై 0.28 అయితే నూటికి 90 బండ్లు ఆగుతాయి. కష్టపడి గ్రీన్ వాటాని 0.40కి పెంచారు, అప్పుడు 83. అదే పై సిగ్నల్ (బండ్లు ముందు దాటేది) వదిలిన గుంపు సరిగ్గా గ్రీన్లో వచ్చేలా చేస్తే ఆ దిశలో ఆగేవి సగానికి పడిపోవడం మామూలే. ఒక్క సెకను గ్రీన్ పెంచకుండా.

లెక్క తేలికే. రెండు సిగ్నళ్ల మధ్య 450 మీటర్లు, బండ్ల వేగం గంటకు 30 కిలోమీటర్లు, అంటే సెకనుకి 8.33 మీటర్లు. ప్రయాణం 54 సెకన్లు. కింది సిగ్నల్ (తర్వాత వచ్చేది) గ్రీన్ 54 సెకన్ల తర్వాత మొదలవ్వాలి అనిపిస్తుంది. అక్కడే పొరపాటు. కింది సిగ్నల్ దగ్గర పక్క రోడ్ల నుంచి మలుపు తిరిగి వచ్చిన బండ్లు అప్పటికే నిలబడి ఉంటాయి. వరసకి 8 బండ్లు, ఒక్కోటి 2 సెకన్లు అనుకుంటే అవి కదలడానికి 16 సెకన్లు. గుంపు వచ్చేసరికి అవి ఖాళీ కావాలి. కాబట్టి ఆఫ్‌సెట్ 54 కాదు, 38. ఈ సవరణ చేయకపోతే గ్రీన్ వేవ్ (గుంపు వచ్చేసరికి వరసగా ప్రతి సిగ్నలూ గ్రీన్లో ఉండటం) కాగితం మీద అందంగా ఉంటుంది, రోడ్డు మీద ప్రతి గుంపూ గ్రీన్ చూస్తూనే బ్రేకు వేస్తుంది.

రెండు దిశల్లోనూ గ్రీన్ వేవ్ కావాలంటే సైకిల్, దూరం ఒకదానికొకటి కలవాలి. ప్రయాణ కాలం సైకిల్లో సగమైతే రెండు వైపులా కుదురుతుంది. 450 మీటర్లకి 54 సెకన్లు, అంటే సైకిల్ 108. 300 మీటర్ల దూరాలైతే 72 సెకన్ల సైకిల్. 600 మీటర్లైతే ప్రయాణమే 72 సెకన్లు, అంటే 72 సైకిల్లో పూర్తి చుట్టు, రెండు సిగ్నళ్లకీ ఒకేసారి గ్రీన్ పెట్టేయొచ్చు. మీకు 100-110 చెప్పడానికి కారణం, మీ ఆరు సిగ్నళ్ల సగటు దూరం ఆ 450కి దగ్గరగా ఉండటం. దూరాలన్నీ సమానంగా ఉండవు కదా, మధ్యలో ఒకటో రెండో కుదరవు. అలాంటి చోట పొద్దున ఊళ్లోకి వచ్చే దిశకి, సాయంత్రం బయటికి పోయే దిశకి మొగ్గండి. కుదరని సిగ్నల్ చిన్న కూడలో, స్కూలు ముందరి క్రాసింగో అయితే దానికి సగం సైకిల్, 54 సెకన్లు పెట్టండి. గ్రీన్ రెండుసార్లు వస్తుంది కాబట్టి రెండు దిశలవాళ్లకీ ఏదో ఒకటి దొరుకుతుంది, నడిచేవాళ్లకీ ఎదురుచూపు తగ్గుతుంది.

వేగం ఎంత పెట్టుకోవాలన్నది జాగ్రత్తగా చూడాలి. బోర్డు మీదున్న 50 కాదు, ఖాళీ మధ్యాహ్నం సిగ్నళ్ల మధ్య బస్సు మామూలుగా పోయే వేగం తీసుకోండి. మన ఊళ్లలో 28-35 మధ్య వస్తుంది. 50కి పెడితే బైకులు మాత్రమే అందుకుంటాయి, ఎక్కువ తాగే బస్సు ప్రతిచోటా రెడ్లో పడుతుంది. బస్సు మధ్యలో స్టాపులో ఆగే భాగమైతే ఆ 15-20 సెకన్లు కలుపుకోండి, లేదా స్టాపుని సిగ్నల్ దాటాక 60-75 మీటర్ల అవతలికి జరపండి. రెండోదే మంచిది. సిగ్నల్‌కి ముందే స్టాపు ఉంటే బస్సు గ్రీన్లో జనాన్ని ఎక్కించుకుని రెడ్లో కదలబోతుంది, రెండుసార్లు ఆగుతుంది. స్టాప్ లైన్ ముందర స్పీడ్ బ్రేకర్ ఉంటే అదీ ఒక ఆగడం కిందే లెక్క. గ్రీన్ వేవ్ పెట్టి బ్రేకర్లు ఉంచితే ఎవరికీ ఉపయోగం లేదు.

సిగ్నళ్ల మధ్య 800 మీటర్లు దాటి, దారంతా దుకాణాలు, పార్కింగ్ ఉంటే గుంపు చెదిరిపోతుంది. అక్కడ ఆఫ్‌సెట్ కోసం తంటాలు పడకుండా విడిగా వదిలేయండి.

ఎక్కడ చెడుతుంది

మొదటిది గడియారం. జీపీఎస్ లేని కంట్రోలర్లు రోజుకి కొన్ని సెకన్లు జారుతాయి. రోజుకి 3 సెకన్లు జారితే పది రోజులకి అరనిమిషం, గ్రీన్ వేవ్ కాస్తా రెడ్ వేవ్ అవుతుంది. ఆఫ్‌సెట్లు పెట్టకముందే ప్రతి కంట్రోలర్‌కీ జీపీఎస్ యాంటెన్నా ఉందా, పనిచేస్తోందా చూడండి. లేకపోతే అది ఒక్కటి మాత్రం కొనండి. కరెంటు పోయి వచ్చాక కంట్రోలర్ ఏ ప్లాన్‌తో మొదలవుతుందో కూడా పరీక్షించండి. చాలావాటిలో కంపెనీ వాళ్లు మొదట పెట్టిన డిఫాల్ట్ ప్లాన్‌కే పోతుంది, వారాల తరబడి ఎవరూ గమనించరు.

రెండోది చేతి ఆపరేషన్. రద్దీ వేళ కానిస్టేబుల్ బటన్ పట్టుకుని ఒక దిశకి మూడు నాలుగు నిమిషాలు గ్రీన్ ఇస్తే ఆ ఒక్క కూడలి ఖాళీ అయినట్టు కనిపిస్తుంది, కిందిది నిండిపోతుంది. గడియారంతో మళ్లీ కలవడానికి రెండు మూడు సైకిళ్లు పడుతుంది. వాళ్లని తప్పు పట్టి లాభం లేదు. టైమింగ్ రద్దీకి సరిపోకపోతేనే చేయి పడుతుంది. కొత్త ప్లాన్ పెట్టిన మొదటి వారం వాళ్లతో పాటు కూడలిలో నిలబడి, ఎక్కడ చేయి పెట్టాల్సి వస్తోందో రాసుకుంటే అదే మీకు మంచి డేటా.

ప్లాన్లు రోజుకి నాలుగైదు చాలు: ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి, ఆదివారం. అరగంటకో ప్లాన్ పెడితే ప్రతి మార్పుకీ రెండు మూడు సైకిళ్లు గందరగోళమే.

రాత్రి సంగతి అందరూ మరిచిపోతారు. పెద్ద ఊళ్లలోకి లారీలని రాత్రే వదులుతారు. 25 టన్నుల లారీ 40 వేగంతో వస్తూ ఆగితే ఒక్కసారికి 130 మిల్లీలీటర్ల డీజిల్. పక్క రోడ్డు మీద ఒక్క బండీ లేకుండా రాత్రి పదకొండింటికి 180 సెకన్ల సైకిల్లో లారీని నిలబెట్టడం దారుణం. పక్క రోడ్డుకి డిటెక్టర్ (బండి వచ్చిందో లేదో పసిగట్టే పరికరం) ఉంటే మెయిన్ రోడ్డుకి గ్రీన్ నిలిచి ఉండేలా పెట్టండి. లేకపోతే 60 సెకన్ల సైకిల్, లేదా చూపు బాగా ఆనే కూడళ్లలో ఆంబర్ బ్లింకింగ్.

డిటెక్టర్లు ఉన్నచోట ఒక పరీక్ష చేయండి. మధ్యాహ్నం రెండింటికి పక్క రోడ్డు గ్రీన్ ప్రతిసారీ గరిష్ఠం దాకా పోతోందంటే డిటెక్టర్ చచ్చినట్టే. రోడ్డులో పాతిన వైరు లూప్ అయితే రోడ్డు తవ్వినప్పుడో, కొత్త తారు వేయడానికి పాతది గీకినప్పుడో తెగి ఉంటుంది. కెమెరా అయితే చెట్టు కొమ్మో ఫ్లెక్సీయో అడ్డొచ్చి ఉంటుంది. మన దగ్గర ఇంకో చిక్కు, బండ్లు స్టాప్ లైన్ దాటి జీబ్రా మీద నిలబడతాయి, కెమెరాలో గీసిన డబ్బాకి అవతల. అవి లెక్కలోకే రావు. డబ్బాని ముందుకి జరిపి మళ్లీ గీయాలి.

అడాప్టివ్ సిస్టమ్ కొనాలా?

బ్రిటన్‌లో పుట్టిన స్కూట్, సిడ్నీలో పుట్టిన స్కాట్స్ అనే అడాప్టివ్ సిస్టమ్‌లు దశాబ్దాలుగా పనిచేస్తున్నాయి. మన లేన్ లేని రద్దీని దృష్టిలో పెట్టుకుని తిరువనంతపురంలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీ-డాక్ చేసిన కోసికాస్ట్ బెంగళూరులో ఉంది. అమెరికాలో పిట్స్‌బర్గ్‌లో 2012లో తొమ్మిది కూడళ్లలో సర్‌ట్రాక్ అనే అడాప్టివ్ సిస్టమ్ పెట్టినప్పుడు ఎదురుచూపు 40 శాతం, ఉద్గారాలు 21 శాతం తగ్గాయని చెప్పారు. ఎదురుచూపు కొలిచింది, ఉద్గారాలు మాత్రం దాన్నుంచి లెక్కగట్టిన అంచనా. ఈ తేడా ఎవరు ఏ అంకె చెప్పినా గుర్తుంచుకోండి. గూగుల్ గ్రీన్ లైట్ 2023లో ప్రకటించినప్పుడు అందులో ఉన్న నగరాల్లో హైదరాబాద్ కూడా ఒకటి. అది కొత్త సామాను ఏమీ పెట్టదు. మ్యాప్స్ డేటా చూసి ‘ఈ సిగ్నల్‌కి ఆఫ్‌సెట్ ఇంత మార్చండి’ అని సూచిస్తుంది, మార్చేది ఇంజినీరే. ఆగడాలు 30 శాతం దాకా, కూడలి దగ్గర ఉద్గారాలు 10 శాతం దాకా తగ్గే అవకాశం ఉందని వాళ్ల మాట. ‘దాకా’ అన్నది గమనించండి. అన్నిటికన్నా తెలివైన ఆ పద్ధతి కూడా చివరికి చేయమంటున్నది పైన చెప్పిన ఆఫ్‌సెట్ పనే.

రద్దీ రోజుకో రకంగా మారే చోట అడాప్టివ్ నిజంగా లాభం. కానీ మీ ఆరు సిగ్నళ్లకి ఇప్పుడున్నది చెడ్డ ఫిక్స్‌డ్ (ముందే రాసిపెట్టిన) ప్లాన్. చెడ్డ ప్లాన్‌తో పోల్చి ఎవరైనా 25 శాతం చూపించగలరు. ముందు మంచి ఫిక్స్‌డ్ ప్లాన్ పెట్టి, దాంతో పోల్చి చూపించమనండి. టెండర్లో ఆ ఒక్క షరతు రాస్తే సగం కంపెనీల స్వరం మారుతుంది. ఇంకోటి, ఆప్టిమైజర్ (టైమింగ్ ఎంచే ప్రోగ్రామ్) దేన్ని తగ్గిస్తోందో అడగండి. 1960ల చివర్లో బ్రిటన్ పరిశోధకుడు రాబర్ట్‌సన్ సిగ్నళ్ల టైమింగ్ కోసం చేసిన ట్రాన్సిట్ ప్రోగ్రామ్ నుంచీ పద్ధతి ఒకటే, ఆలస్యానికి ఆగడాలని ఒక బరువుతో గుణించి కలుపుతారు. ఆ బరువు సున్నా ఉంటే అది పర్యావరణం చూడటం లేదు. పైన వేసిన లెక్కనుంచి ఒక్కో ఆగడానికి బరువుగా కారుకి 60 సెకన్లు, బైకుకి 45, బస్సుకి 140-150 పెట్టి మొదలుపెట్టండి.

అడాప్టివ్‌తో ఒక ముడి ఉంది. కౌంట్‌డౌన్ టైమర్ ఉంటే జనం ఇంజిన్ ఆపుతారు. 2020లో ఢిల్లీలో ‘రెడ్ లైట్ ఆన్, గాడీ ఆఫ్’ అని ప్రచారం చేసింది దీనికే. పది సెకన్లకు మించి ఆగేట్టయితే ఆపడమే లాభం. కానీ అడాప్టివ్‌లో రెడ్ ఎంతసేపో సిగ్నల్‌కే ముందుగా తెలియదు. అంకె 20 దగ్గర బిగుసుకుపోతుంది, లేదా 35 నుంచి ఒక్కసారిగా 8కి దూకుతుంది. రెండు రోజులు చూసి జనం ఇంజిన్ ఆపడం మానేస్తారు. మధ్యేమార్గం, సైకిల్ మొదట్లోనే ఫేజుల నిడివి నిర్ణయించి ఆ సైకిల్‌కి దానికే కట్టుబడటం. కొంత చురుకు తగ్గుతుంది, టైమర్ మాట మీద నిలబడుతుంది.

మోడల్ చేసి చూడాలంటే జర్మనీ అంతరిక్ష పరిశోధన సంస్థ డీఎల్ఆర్ వాళ్ల ట్రాఫిక్ సిమ్యులేషన్ సాఫ్ట్‌వేర్ సుమో ఉచితం. మన రద్దీకి సబ్‌లేన్ పద్ధతి (ఒకే లేన్లో బండ్లు పక్కపక్కన పోవడం) ఆన్ చేయాలి, లేకపోతే బైకులు కార్ల వెనక వరసలో బుద్ధిగా నిలబడతాయి. ప్రతి రకం బండికీ ఉద్గార తరగతి చూసుకోండి, వదిలేస్తే బైకుల్ని వాటికి తగని తరగతితో లెక్కగట్టి కూర్చుంటుంది. పట్టికలు యూరప్‌వి కాబట్టి ‘ఇన్ని టన్నులు తగ్గాయి’ అని రాయకండి, రెండు ప్లాన్ల మధ్య శాతం తేడా మాత్రమే రాయండి.

కొలవడం

గాలి నాణ్యత సెన్సర్ తెచ్చి కూడలిలో పెట్టి ‘ముందు, తర్వాత’ అని చూపించొద్దు. పీఎం 2.5 మీద గాలివాటు, చలికాలం, చెత్త మంటల ప్రభావం మీ టైమింగ్ మార్పు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఆగడాలే కొలవండి. ఫోన్లో సెకనుకోసారి జీపీఎస్ నమోదు చేసే ఏ యాప్ అయినా సరే, కారులో ఒకరు, బస్సులో ఒకరు, రెండు దిశల్లో, ఒక్కో రద్దీ వేళకి కనీసం ఆరు ట్రిప్పులు. వేగం 5 కిలోమీటర్ల కిందకి పడితే ఒక ఆగడం. మంగళ, బుధ, గురువారాల్లో చేయండి, ముహూర్తాలు, పరీక్షల రోజులు వదిలేయండి. పక్క రోడ్లని మరవకండి, స్టాప్ లైన్ దగ్గర నిలబడి పది సైకిళ్లలో ఆగినవి, ఆగకుండా పోయినవి లెక్కపెడితే చాలు. మెయిన్ రోడ్డు మీద తగ్గిన ఆగడాలన్నీ పక్క రోడ్ల మీద తేలితే మీరు పొగని జరిపారంతే.

జరపడం కొన్నిసార్లు కావాలనే చేస్తాం. సాయంత్రం రద్దీ రోడ్డు మోయగలిగినదాన్ని దాటితే గ్రీన్ వేవ్ పనిచేయదు, పైనుంచి వదిలినవి కింది కూడలిని మూసేస్తాయి. అప్పుడు ఆఫ్‌సెట్లని తిరగేసి కింది సిగ్నల్ ముందు తెరవాలి, ఊరి అంచులో మొదటి సిగ్నల్ గ్రీన్ తగ్గించి బండ్లని అక్కడే పట్టి ఉంచాలి. పట్టి ఉంచే చోటు ఆసుపత్రి, స్కూలు, ఇరుకు బజారు పక్కన కాకుండా, రెండు వైపులా ఖాళీ, గాలాడే చోటు చూసుకోండి. మొత్తం కార్బన్‌లో తేడా పెద్దగా రాకపోవచ్చు, ఆ పొగ పీల్చేవాళ్ల సంఖ్యలో వస్తుంది.

నడిచేవాళ్ల గ్రీన్ జోలికి మాత్రం పోకండి. 14 మీటర్ల రోడ్డుకి సెకనుకి 1.2 మీటర్ల నడకతో 12 సెకన్లు, కదలడానికి ఇంకో 7. ఈ 19 సెకన్లు కోసేసి సైకిల్ తగ్గించామని చెప్పుకోకూడదు. ముసలివాళ్లు ఎక్కువగా దాటే చోట ఇంకా కలపాలి.

మీరు సిగ్నళ్ల మధ్య దూరాలు విడివిడిగా, ఒక్కో కూడలిలో ఎన్ని ఫేజులో, ఉదయం తొమ్మిది నుంచి పది దాకా ఒక్కో దారిలో పావుగంట చొప్పున బండ్ల లెక్క, కంట్రోలర్లలో జీపీఎస్ ఉందో లేదో ఇక్కడ రాయండి. ఆరింటి ఆఫ్‌సెట్లూ ఉదయానికి, సాయంత్రానికి విడిగా వేసి పెడతాను.